తలకు దెబ్బ తగిలి నెలలైనా తలనొప్పి పోవడం లేదా? ఇలా చేసి చూడండి

"స్కాన్ నార్మల్ అన్నారండీ. మరి ఈ నొప్పి ఎందుకు పోవట్లేదు?"

నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. బండి మీద నుంచి పడినవాళ్ళు, బాత్రూంలో కాలు జారినవాళ్ళు, అటక మీద నుంచి సామాను దించుతూ నెత్తికి తగిలించుకున్నవాళ్ళు, క్రికెట్ బంతి తగిలిన పిల్లల తల్లులు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా రాసి రాసి చెయ్యి నొప్పెడుతోంది కాబట్టి అంతా ఒకేచోట పెడుతున్నాను.

నేను డాక్టర్ని కాదు. మూడేళ్ళ కిందట మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర స్కూటీ మీద నుంచి పడ్డాను. హెల్మెట్ ఉంది, కాకపోతే తలకి కాదు, మోచేతికి. కుడి కణత పైన రెండు కుట్లు వేశారు, సీటీ స్కాన్ తీశారు, సాయంత్రానికి ఇంటికి పంపించేశారు. కుట్లు వారంలో విప్పేశారు. తలనొప్పి మాత్రం ఏడు నెలలు ఉంది. ఆ ఏడు నెలల్లో న్యూరాలజిస్టు, ఫిజియోథెరపిస్టు నాకు నేర్పినవీ, నేను చేసిన తెలివితక్కువ పనులూ కలిపితే ఈ వ్యాసం.

సిద్ధాంతం కొంచెమే చెబుతాను. సీటీ స్కాన్ చూసేది రక్తస్రావం ఉందా, ఎముక విరిగిందా అని. ఇల్లు ఫొటో తీస్తే గోడ బీట కనిపిస్తుంది గానీ లోపల వైరింగ్ లూజైన సంగతి కనిపించదు కదా, ఇదీ అంతే. దెబ్బ అదురుకి మెదడులో నొప్పిని పట్టించుకునే వ్యవస్థ అతిగా స్పందించడం మొదలుపెడుతుంది. మెడ కండరాలు, కీళ్ళు కూడా అదే అదురులో దెబ్బతింటాయి. ఇవేవీ మామూలు స్కాన్‌లో కనబడవు. "నార్మల్" అంటే ప్రాణానికి ప్రమాదం లేదని, అంతే. మీకు నొప్పి లేదని కాదు. ఇంట్లో వాళ్ళు "రిపోర్టులో ఏమీ లేదుగా" అంటే ఈ పేరా చదివి వినిపించండి.

ముందు ఇది చూసుకోండి

కింద రాసినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ వ్యాసం పక్కన పడేసి 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరలో సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి.

- నొప్పి గంటగంటకీ పెరుగుతూ పోవడం, లేదా ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు రావడం
- మళ్ళీ మళ్ళీ వాంతులు
- మనిషి మత్తుగా ఉండి లేపినా సరిగా లేవకపోవడం, తికమకగా మాట్లాడటం
- ఫిట్స్
- చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, మూతి వంకరపోవడం
- ఒక కంటి పాప పెద్దదిగా, ఒకటి చిన్నదిగా కనబడటం, ఒక రెప్ప వాలిపోవడం
- ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం కారడం
- జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం

పెద్దవాళ్ళ విషయంలో ఇంకో జాగ్రత్త. అరవై దాటినవాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు, రక్తం పల్చబడే మందులు (గుండెకి వాడే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి) వాడేవాళ్ళకి మొదటి స్కాన్ బాగున్నా, రెండు మూడు వారాల తర్వాత కూడా మెదడు పైపొరలో రక్తం నెమ్మదిగా చేరవచ్చు. తాతగారు దెబ్బ సంగతే మరిచిపోయి ఉంటారు. తలనొప్పి, నడకలో తూలు, మతిమరుపు మొదలైతే "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోకుండా మళ్ళీ స్కాన్ అడగండి. సమయానికి కనిపెడితే దీనికి మంచి వైద్యం ఉంది.

ఏమేం కావాలి

గోడ మీద తెలుగు క్యాలెండరు, ఎరుపు, నీలం పెన్నులు. డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ రిపోర్టు, అన్ని మందుల చీటీలు. వాడేసిన మాత్రల షీట్లు (పారేయకండి, ఎందుకో చెబుతాను). ఒక చిన్న తువ్వాలు, ఫ్రిజ్‌లో ఐస్. నడవడానికి సౌకర్యంగా ఉండే బూట్లు. అన్నిటికన్నా ముఖ్యంగా, మీ నొప్పిని నమ్మే మనిషి ఇంట్లో ఒకరు.

1. తేదీలు రాసుకోండి

దెబ్బ తగిలిన తేదీ, నొప్పి మొదలైన తేదీ. ఈ రెండూ కాగితం మీద ఉండాలి. దెబ్బ తగిలిన 7 రోజుల్లోపు మొదలైన తలనొప్పినే వైద్యులు ఆ దెబ్బ వల్ల వచ్చినదిగా లెక్కిస్తారు. స్పృహ తప్పినవాళ్ళకి తెలివి వచ్చిన రోజు నుంచి ఆ 7 రోజులు. 3 నెలలు దాటినా ఉంటే దాన్ని దీర్ఘకాలికం అంటారు. దెబ్బ తగిలిన రెండు నెలలకి కొత్తగా మొదలైతే వేరే కారణం ఉందేమో వెతకాలి. బీపీ, కళ్ళు, సైనస్ చూపించుకోవాలి, లేదా పైన చెప్పినట్టు ఆలస్యంగా చేరిన రక్తం కావచ్చు.

మీకు ముందు నుంచే పార్శ్వపు నొప్పి ఉండి, దెబ్బ తర్వాత అది ఎక్కువైతే ఆ సంగతీ రాసుకోండి. చాలామంది డాక్టరు అడిగితే తప్ప చెప్పరు.

2. క్యాలెండరు మీద చుక్కలు పెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి.

రోజూ రాత్రి పడుకునే ముందు ఆ రోజు గడిలో రాయాలి. నొప్పి ఉంటే నీలం అంకె, 0 నుంచి 10 లోపు. ఆ రోజు నొప్పి మాత్ర వేసుకుంటే ఎర్ర చుక్క. పని మానేస్తే లేదా మంచం ఎక్కేస్తే చిన్న ఇంటూ గుర్తు. అంతకన్నా ఎక్కువ రాయకండి. తిన్నది, తాగింది, వాతావరణం అన్నీ రాయాలని నోట్‌బుక్ కొన్నవాళ్ళెవరూ రెండో వారం దాటలేదు, నేను కూడా.

ఫోన్‌లో యాప్‌లున్నాయి, అలవాటుంటే వాడండి. గోడ క్యాలెండరు నాకెందుకు ఇష్టమంటే, అది ఇంట్లో అందరికీ కనబడుతుంది. మా ఇంట్లో వంటగది తలుపు పక్కన వేలాడే క్యాలెండరులో తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం నిండిపోగా మిగిలిన కాస్త జాగాలో నేను ఎర్ర చుక్క పెట్టేదాన్ని. ఆ క్యాలెండరుని దాటుకుంటూ రోజూ అందరూ టీ తెచ్చుకునేవాళ్ళు. నాలుగో నెల చివర మా అమ్మే ఒకరోజు కళ్ళజోడు పెట్టుకుని ఆ చుక్కలు వేలితో లెక్కపెట్టింది. "ఇరవై మూడు. నెలలో ఇరవై మూడు రోజులు మాత్ర మింగావా?" అంది. నేను నమ్మలేదు. మాత్రల షీట్లు తీసి లెక్కపెట్టాను. ఇరవై మూడే.

3. మాత్రల రోజులు లెక్కపెట్టండి

తలనొప్పికి వేసుకునే మాత్రే, ఎక్కువ రోజులు వేసుకుంటే, తలనొప్పికి కారణం అవుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, నిజం. మూడు నెలలకి పైగా ఇలా వాడుతుంటే అనుమానించాలి:

- పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మామూలు మాత్రలైతే నెలకి 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ
- కెఫీన్ గానీ ట్రమడాల్ గానీ కలిసిన మాత్రలు, మైగ్రేన్‌కి ఇచ్చే ట్రిప్టాన్లు అయితే నెలకి 10 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ

ఇక్కడే అందరూ పొరబడతారు. లెక్కపెట్టాల్సింది మాత్రల్ని కాదు, రోజుల్ని. ఒకే రోజు మూడు మాత్రలు వేసుకున్నా ఒక రోజే. రోజుకి అర మాత్ర చొప్పున నెలంతా వేసుకున్నా ముప్పై రోజులే. "నేను అరే వేసుకుంటాను కదా" అనేవాళ్ళకి ఈ మాట.

ఇంకో సంగతి. మెడికల్ షాపులో "తలనొప్పి మాత్ర ఒకటివ్వు" అంటే చేతిలో పెట్టేవాటిలో కొన్నిటిలో కెఫీన్ ఉంటుంది. షీటు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అందుకే వాడేసిన షీట్లు దాచమన్నాను. డాక్టరు చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఎలా తగ్గించుకోవాలి? లక్ష్యం వారానికి 2 రోజులు దాటకపోవడం. మామూలు పారాసిటమాల్ అయితే డాక్టరుకి చెప్పి ఒక్కసారే ఆపేయవచ్చు. ట్రమడాల్, కోడీన్ లాంటివి, నిద్రమాత్రలు కలిసినవి అయితే సొంతంగా ఒక్కసారే ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఆపిన మొదటి వారం, పది రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది. అక్కడే చాలామంది "మాత్ర లేకపోతే నాకు కుదరదు" అని వెనక్కి వెళ్ళిపోతారు. ముందే తెలిసి ఉంటే తట్టుకోవచ్చు. ఆ పది రోజులు పెళ్ళిళ్ళు, పరీక్షలు, ఆఫీసులో నెలాఖరు లెక్కలు లేని సమయం చూసుకోండి.

హెచ్చరిక: పెద్దవాళ్ళకి పారాసిటమాల్ రోజుకి 4 గ్రాములు దాటకూడదు, అంటే డోలో 650 లాంటివి రోజు మొత్తం మీద 6కి మించకూడదు. మద్యం తాగేవాళ్ళకి, కాలేయం బాగాలేనివాళ్ళకి ఆ హద్దు ఇంకా తక్కువ, డాక్టర్ని అడగాలి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి. కొత్తగా దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులు డాక్టరు చెప్పనిదే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ జోలికి వెళ్ళకండి, రక్తస్రావం ఉంటే పెరుగుతుంది.

4. మీ నొప్పి ఏ తరహాదో గుర్తుపట్టండి

దెబ్బ తర్వాత వచ్చే తలనొప్పి అంతా ఒకటి కాదు. తరహాని బట్టే వైద్యం.

ఒకవైపు పోటుగా, గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటూ, వికారంతో, వెలుతురూ చప్పుడూ భరించలేకుండా ఉంటే అది పార్శ్వపు నొప్పి తరహా, అంటే మైగ్రేన్. పోపు ఘాటు, అగరొత్తుల వాసన కూడా పడదు. దెబ్బ తర్వాత ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే.

తల చుట్టూ తాడు బిగించి కట్టినట్టు, రెండు వైపులా సమంగా, పని చేసుకోగలిగేంత నొప్పి అయితే టెన్షన్ తరహా.

ముచ్చిలిగుంట దగ్గర మొదలై, మాడు మీదుగా కంటి వెనక్కి పాకితే, మెడ తిప్పితే పెరిగితే, మూలం మెడలో ఉండవచ్చు. బండి ప్రమాదాల్లో ఇది మామూలే.

తల వెనక కరెంటు కొట్టినట్టు సర్రున పోటు వచ్చి, దువ్వెన తగిలినా ఝల్లుమంటే అక్కడి నరం సంగతి. డాక్టర్లు చిన్న ఇంజెక్షన్‌తో మొద్దుబార్చి చూస్తారు.

ఇక లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే పావుగంటలో తగ్గిపోయేదయితే మెదడు చుట్టూ ఉండే ద్రవం ఎక్కడో కారుతోందేమో అని చూడాలి. ఇది తక్కువమందికే వస్తుంది. కానీ వస్తే ఇంటి చిట్కాలతో పోదు. ఆ వారమే న్యూరాలజిస్టుని కలవండి.

రెండు మూడు తరహాలు కలిసి ఉండటం కూడా మామూలే. నాకు మెడ నొప్పి, మైగ్రేన్ రెండూ కలిసి ఉండేవి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, డ్యూటీలు పంచుకున్నట్టు.

5. సరైన డాక్టరు దగ్గరికి, సరైన మాటలతో వెళ్ళండి

మనవాళ్ళలో ఎక్కువమంది చేసే పొరపాటు: దెబ్బ తగిలిన రోజు చూసిన న్యూరోసర్జన్ దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళడం. ఆయన పని ఆపరేషన్ అవసరమా కాదా తేల్చడం. "అవసరం లేదు, అంతా నార్మల్" అని చెబితే ఆయన పని సక్రమంగా చేసినట్టే. తలనొప్పికి వెళ్ళాల్సింది న్యూరాలజిస్టు దగ్గరికి. రెండు బోర్డుల మీదా "న్యూరో" అనే ఉంటుంది, చూసుకోండి. హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో న్యూరాలజీ ఓపీ ఉంది. దగ్గర్లో న్యూరాలజిస్టు లేకపోతే మంచి జనరల్ ఫిజీషియన్‌తో మొదలుపెట్టవచ్చు.

ఓపీలో మీకు దొరికేది అయిదు నిమిషాలు. వెళ్ళగానే "తల బద్దలైపోతోందండీ" అని మొదలుపెడితే అందులో రెండు నిమిషాలు పోతాయి. ఇలా చెప్పండి:

"డాక్టరు గారూ, ఆగస్టు 12న బండి మీద నుంచి పడ్డాను. స్పృహ తప్పలేదు. ఆ సాయంత్రం నుంచే తలనొప్పి. ఇప్పుడు నెలకి 20 రోజులు ఉంటోంది. మెడ దగ్గర మొదలై కుడి కంటి వెనక్కి వస్తుంది, వికారం ఉంటుంది. నెలకి 17 రోజులు మాత్ర వేసుకుంటున్నాను, ఇవిగో షీట్లు. ఉబ్బసం ఉంది. నిద్ర సరిగా లేదు."

ఇంతే. క్యాలెండరు ఫొటో చూపించండి. గర్భం ఉన్నా, పిల్లల కోసం చూస్తున్నా ఆ మాట తప్పకుండా చెప్పాలి.

నొప్పి ఎక్కువ రోజులు ఉంటుంటే, రాకుండా చూసే మందు రోజూ వేసుకోమంటారు. అమిట్రిప్టిలిన్, ప్రొప్రనొలాల్, టోపిరమేట్, ఫ్లూనరిజైన్ లాంటివి మన దగ్గర ఎక్కువగా రాసేవి. ఇవి డాక్టరు రాస్తేనే. ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవాళ్ళకి పనికిరాదు. టోపిరమేట్, వాల్ప్రోయేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి.

ఈ మందుల దగ్గర ఒక మెలిక ఉంది. మెడికల్ షాపు కుర్రాడు షీటు చూసి "ఇది డిప్రెషన్ మందు కదండీ" అంటాడు, లేదా ఇంటర్నెట్‌లో చూస్తే "బీపీ మందు" అని వస్తుంది. అంతటితో మనం అనుమానపడి మానేస్తాం. అమిట్రిప్టిలిన్ నిజంగానే డిప్రెషన్‌కి వచ్చిన మందే, కానీ చిన్న మోతాదులో నొప్పికి, నిద్రకి పనిచేస్తుంది. అందుకే రాశారు. ఇంకోటి, ఈ మందులు వేసుకున్న రోజే తగ్గించేవి కావు. సరైన మోతాదులో ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడాకే పనిచేసిందో లేదో తేలుతుంది. పదిహేను రోజులకే డాక్టర్ని మార్చేస్తే ప్రతిసారీ ఒకటో మెట్టు మీదే ఉంటారు.

6. చీకటి గదిలోంచి బయటికి రండి

దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి మంచిదే. ఫోన్, టీవీ తగ్గించాలి. ఆ తర్వాత కూడా వారాల తరబడి కర్టెన్లు వేసుకుని పడుకుంటే నొప్పి తగ్గకపోగా శరీరం ఇంకా బలహీనపడుతుంది. ఈ మధ్య వైద్యుల మాట ఒకటే: రెండో రోజు నుంచే కొంచెం కొంచెం కదలాలి.

నడకతో మొదలుపెట్టండి. చల్లటి పూట, పది నిమిషాలు, మాట్లాడుతూ నడవగలిగే వేగంతో. నడవక ముందు నొప్పి ఎంత ఉందో 0 నుంచి 10లో అనుకోండి, నడిచాక మళ్ళీ చూడండి. 2 అంకెలకి మించి పెరగకుండా, పెరిగినది గంటలోపు దిగిపోతే ఆ నడక మీకు సరిపోయింది. అయిదు రోజులకోసారి అయిదు నిమిషాలు పెంచండి. 2 దాటి పెరిగితే మానేయకండి, మర్నాడు సమయం తగ్గించి నడవండి.

బయట ఎండ, ట్రాఫిక్ పడకపోతే డాబా మీద నడవండి. అదీ కుదరకపోతే ఇంట్లో స్థిరంగా ఉండే సైకిల్ తొక్కవచ్చు. క్రికెట్, కబడ్డీ, బరువులెత్తడం లాంటివి డాక్టరు సరే అనేదాకా వద్దు. మొదటిది మానకముందే రెండో దెబ్బ తగిలితే వ్యవహారం చాలా ముదురుతుంది.

7. మెడని పట్టించుకోండి

ముందు డాక్టరు మెడ ఎముకకి ఏమీ కాలేదని చెప్పి ఉండాలి. ఆ తర్వాతే ఇవి.

గోడకి వీపు, తల ఆనించి నిలబడండి. తల ఎత్తకుండా, దించకుండా, గడ్డాన్ని లోపలికి లాగండి. అద్దంలో రెండు గడ్డాలు కనబడితే సరిగా చేస్తున్నట్టు. 5 సెకన్లు ఉంచి వదలండి. పదిసార్లు, రోజుకి రెండు పూటలు. చెయ్యి తిమ్మిరెక్కినా, కళ్ళు తిరిగినా ఆపేసి ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి. నన్నడిగితే అసలు మొదటి నాలుగైదు సార్లు ఫిజియోథెరపిస్టు ముందే చేయాలి, నేను వీడియో చూసి మూడు వారాలు తప్పుగా చేశాను.

మెడ బిగుసుకుంటే వేడి కాపడం పది నిమిషాలు. పార్శ్వపు నొప్పికి తువ్వాల్లో చుట్టిన ఐస్, నుదుటి మీదో మెడ వెనకో, పది నిమిషాలు. ఏది హాయిగా ఉంటే అది, ఇందులో పట్టింపు లేదు.

గట్టిగా చెబుతున్నాను: సెలూన్‌లో క్షవరం అయ్యాక "మెడ విరవమంటారా?" అని అడుగుతారు చూడండి, వద్దని చెప్పండి. టక్కుమని తిప్పినప్పుడు మెడలోంచి మెదడుకి వెళ్ళే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. తలకు దెబ్బ తగిలిన మెడకి అది అసలు పనికిరాదు.

శొంఠి పట్టు, బామ్ సంగతి అడుగుతారు. మా అమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. నొప్పి పోలేదు గానీ ఆ మంట కాసేపు దృష్టి మళ్ళించేది, అమ్మకీ తృప్తి. గాయం మానిన చర్మం మీద అయితే నష్టమేమీ లేదు. ముక్కులో పసర్లు పోయడం మాత్రం వద్దే వద్దు.

8. నిద్ర, తిండి, టీ

రోజూ ఒకే వేళకి లేవండి, ఆదివారమైనా సరే. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి. దెబ్బ తర్వాత గురక కొత్తగా మొదలైతే, పొద్దున లేస్తూనే తల బరువుగా ఉంటే డాక్టరుకి చెప్పండి.

భోజనం వేళ తప్పకండి. మైగ్రేన్ తరహా ఉన్నవాళ్ళకి ఉపవాసం నాడు నొప్పి దాదాపు ఖాయం. నొప్పి అదుపులోకి వచ్చేదాకా దేవుడు సర్దుకుంటాడు.

టీ, కాఫీ రోజుకి రెండు కప్పులు, మధ్యాహ్నం మూడు తర్వాత వద్దు. ఆరు కప్పులు తాగేవాళ్ళు ఒక్కసారే మానేస్తే అదే ఇంకో తలనొప్పి. నాలుగు రోజులకో కప్పు తగ్గించండి. మద్యం ఈ కాలంలో పూర్తిగా ఆపేయాలి.

9. పనికి వెళ్ళేటప్పుడు

మొదటి వారం సగం పూట అడగండి. స్క్రీన్ ముందు ఇరవై నిమిషాలకోసారి కళ్ళు దూరంగా తిప్పండి. అక్షరాలు రెండుగా కనిపిస్తున్నా, చదువుతుంటే లైన్లు దాటిపోతున్నా కళ్ళ డాక్టర్ని కలవండి. దెబ్బ తర్వాత రెండు కళ్ళూ కలిసి దగ్గరి వస్తువు మీద నిలవలేకపోవడం ఉంటుంది, అద్దాల నెంబరు చూస్తే తెలియదు. "దగ్గరి చూపుకి రెండు కళ్ళూ కలుస్తున్నాయా చూడండి" అని అడగాలి. పిల్లలకైతే బడిలో చెప్పి పీటీ పీరియడ్ ఆపించండి, రాతపని తగ్గించమనండి. కళ్ళు తిరుగుతున్నంత కాలం బండి తీయకండి.

చిరాకు, ఏడుపు రావడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కూడా దెబ్బలో భాగమే కావచ్చు. పిరికితనం కాదు. టెలి మానస్ నెంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

తరచూ జరిగే తప్పులు, పైన చెప్పనివి

నొప్పి వచ్చిన ప్రతిసారీ కొత్త స్కాన్ తీయించడం. కొత్త లక్షణం లేకుండా సీటీ మళ్ళీ మళ్ళీ తీస్తే రేడియేషన్, ఖర్చు తప్ప తేలేదేమీ లేదు. పదివేలు పోసి తీయించిన రెండో స్కాన్ కన్నా పది రూపాయల ఎర్ర పెన్ను నాకెక్కువ పనికొచ్చింది.

పక్కింటాయనకి తగ్గిన మాత్ర వాడటం. ఆయనకి ఉబ్బసం లేదు, మీకుంది.

మంచి రోజున పేరుకుపోయిన పనంతా చేసేయడం. నొప్పి లేని రోజు ఇల్లంతా బూజులు దులిపి, తర్వాత మూడు రోజులు పడుకోవడం నేను కనీసం నాలుగుసార్లు చేశాను. మంచి రోజున కూడా మామూలు రోజంత పనే.

దెబ్బ తగిలిన రాత్రి మనిషిని నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టడం. డాక్టరు చూసి ఇంటికి పంపాక నిద్ర మంచిదే. మొదటి రోజు పక్కన ఒకరు ఉండి, లేపితే లేస్తున్నారా అని చూసుకుంటే చాలు.

తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

"ఇవాళ ఎలా ఉంది?" అని అడిగితే ఎప్పుడూ "అలాగే ఉంది" అనే అనిపిస్తుంది. నెలాఖరున క్యాలెండరు దించి మూడు అంకెలు తీయండి: నొప్పి ఉన్న రోజులు, మాత్ర వేసుకున్న రోజులు, పని మానేసిన రోజులు. గత నెలతో పోల్చండి, నిన్నటితో కాదు.

సాధారణంగా ముందు తగ్గేది మూడో అంకె. నొప్పి రోజులు అన్నే ఉన్నా మంచం ఎక్కిన రోజులు తగ్గితే దారిలో పడ్డట్టే. మందు మొదలుపెట్టాక రెండు మూడు నెలల్లో నొప్పి రోజులు సగానికి వస్తే మందు బాగా పనిచేస్తున్నట్టు లెక్క. పూర్తిగా పోలేదని మానేయకండి. మూడు నెలలకీ మూడు అంకెల్లో ఏదీ కదలకపోతే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి "మందు మార్చాలా? మెడ మళ్ళీ చూస్తారా?" అని అడగండి.

ఎప్పటికి పోతుందని అడుగుతారు. చాలామందికి వారాల్లో, మూడు నెలల్లోపు పోతుంది. కొందరికి ఏడాది దాటుతుంది. నాకు నాలుగో నెలలో 26, 23, 7. మాత్రలు తగ్గించి, మెడకి వైద్యం, రాత్రి మందు మొదలుపెట్టాక అయిదో నెల 21, 8, 6. ఏడో నెల 6, 3, 0.

ఇప్పటికీ చుక్కలు పెడుతున్నాను. పోయిన నెలలో రెండున్నాయి. ఒకటి ఏకాదశి నాడు, ఇంకోటి మా చెల్లెలి పెళ్ళిలో డీజే పెట్టిన రాత్రి.